పులిసిన పిండికి కాపలా

అల్లుడి మీద పెద్దాయనకు అనుమానం పుట్టింది ఒకే ఒక్క మాట వల్ల. ఆయన కూతురి ఇంటికి వచ్చి చేరిన కొత్తల్లో ఒకరోజు అల్లుడు ఫ్రిజ్ తుడుస్తూ, లోపలున్న గాజు సీసా మూత తీసి వాసన చూసి, ముక్కు చిట్లించి, "మామయ్యా, ఇది పాడైనట్టుంది. పారేయమంటారా?" అని అడిగాడు. పాపం, మంచికే అడిగాడు. కానీ ఆ మాట పెద్దాయన చెవిలో దూరి అక్కడే కాపురం పెట్టింది.

ఆ సీసాలో ఉన్నది పులిసిన పిండి. కొనుక్కొచ్చిన ఈస్టు అవసరం లేకుండా రొట్టెను పొంగించే పిండి. గోధుమపిండీ నీళ్లూ కలిపి పులియబెట్టి, మళ్లీ మళ్లీ కొత్తపిండి పెడుతూ బతికించుకోవాలి దాన్ని. మొదలుపెట్టింది పెద్దాయన భార్య. మొగుడూ పెళ్లాలిద్దరూ ఒకే బేకరీలో పనిచేశారు. ఆవిడ పిండి కలిపే బల్ల దగ్గర, ఆయన రొట్టెలు కాల్చే ఇటుకల భట్టీ దగ్గర. ఆ భట్టీ ముందు జీవితమంతా నిలబడ్డందుకు తోటివాళ్లు ఆయనకు భట్టీ మామ అని పేరు పెట్టారు. తర్వాత బేకరీ మూతపడింది. ఆవిడ పోయింది. ఈ సీసా మిగిలింది. అందులో ఆవిడ చెయ్యి ఇంకా ఉందని ఆయన నమ్మకం. పైకి ఎవరితోనూ అనలేదు గానీ, ఆ సీసా ఖాళీ అయితే ఆవిడ రెండోసారి పోయినట్టే అనుకునేవాడు.

ఈ పిండితో ఒక చిక్కుంది. కొత్తపిండి పెట్టే ముందు పాతదాంట్లో సగం తీసెయ్యాలి, లేకపోతే సీసా చాలదు. "తీసేసింది పారేసింది కాదు" అనేది ఆవిడ. తీసిన పిండిని ఒక గిన్నెలో పోగుచేసి, ఉల్లిపాయ తరిగి కలిపి పెనం మీద రొట్టె వేసేది. కూరగాయల సూప్ మరుగుతుంటే చెంచాతో చిన్నచిన్న ఉండలుగా అందులోకి జారవిడిచేది. సెలవు రోజున పల్చగా పరిచి ఓవెన్లో కరకరలాడే బిళ్లలు కాల్చేది.

ఇప్పుడవన్నీ ఆయనే చేస్తున్నాడు. చేస్తున్నాడంటే చేస్తున్నాడు, అంతే. భట్టీ దగ్గర బతికినవాడికి మంట భగభగలాడకపోతే వంట చేసినట్టే ఉండదు. ఆయన వేసిన ఉల్లిపాయ రొట్టె అంచుల్లో నల్లగా, నడుమ చెప్పు అడుగులా ఉండేది. కూతురు ఒక ముక్క తుంచుకుని, బాగుంది నాన్నా అని, వెంటనే మంచినీళ్లు తాగేది. అల్లుడు ఏమీ అనకుండా నమిలేవాడు. ఆ నమలడంలోనే భోజనం వేళ కాస్తా గడిచిపోయేది.

అలాంటి ఇంట్లో, తీసిపెట్టిన పిండి తగ్గడం మొదలైంది.

గిన్నెలో పిండి ఎక్కడిదాకా ఉందో పెద్దాయనకు కంటికొలత. పొద్దున చూసినంత సాయంత్రానికి ఉండేది కాదు. పులిసిన పిండి పొంగుతుంది, పొంగింది దిగుతుంది, ఆ సంగతి ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. కానీ దానంతటది దిగిన పిండి గిన్నె గోడకు గీత వదిలి మరీ దిగుతుంది. ఇక్కడ గీత లేదు, చెంచా తిరిగిన గుర్తుంది.

ఆ తర్వాత కిటికీ. ఆయన సాయంత్రం వాహ్యాళికి వెళ్లొచ్చేసరికి, బయట ఎంత చలిగా ఉన్నా వంటగది కిటికీ బార్లా తెరిచి ఉండేది. పెనం తడిగా ఉండేది. భోజనానికి పిలిస్తే ఆకలి లేదనేది కూతురు. మధ్యాహ్నం నుంచీ కళ్లద్దాల దుకాణంలో నిలబడి వచ్చిన మనిషికి ఆకలి లేకపోవడమేమిటి? అన్నిటికంటే అన్యాయం, అల్లుడు పొద్దున్నే పనికి వెళుతూ తువ్వాలులో ఏదో చుట్టి, చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని మెట్లు దిగడం. ఒకరోజు తువ్వాలు జారింది. లోపల జామ్ సీసా.

అల్లుడు కారు నడపడం నేర్పుతాడు. నేర్చుకునేవాళ్లు గోడలకు గుద్దకుండా అతని కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. ఆ అలవాటు ఇంట్లో కూడా పోలేదు. ఇరుకున పెట్టే ప్రశ్న ఎదురైతే కుడికాలు దానంతటదే నేలను నొక్కేది. పెద్దాయనకూ ఒక అలవాటుంది. మనసు బాగున్నప్పుడు అల్లుణ్ణి నువ్వు అంటాడు, అనుమానం వచ్చినప్పుడు మీరు అంటాడు. ఆ వారమంతా ఇంట్లో మర్యాద పొంగిపొర్లింది.

"గిన్నెలో పిండి తగ్గుతోంది. మీరేమైనా చూశారా?" అని భోజనాల దగ్గర అడిగాడు.

బల్ల కింద అల్లుడి కాలు నేలను నొక్కింది. "లేదే మామయ్యా. దిగిపోయి ఉంటుంది."

కూతురు హడావిడిగా ఉప్పు కోసం లేచింది. ఉప్పు బల్ల మీదే ఉంది.

ఇక పెద్దాయనకు సందేహం లేదు. చాప కింద నీరులా పని జరుగుతోంది. రోజూ కొంచెం కొంచెం పట్టుకెళ్లి ఎక్కడో పారబోస్తున్నారు. ముందు గిన్నె ఖాళీ చేసి తనకు అలవాటు చేస్తారు, తర్వాత సీసా వంతు. గట్టిగా అడుగుదామంటే ఇల్లు వాళ్లది. ఫ్రిజ్ వాళ్లది. ఈ వయసులో ఒక సీసా పెట్టుకోవడానికి అరలో చోటు అడుక్కోవాల్సి వచ్చిందే అని ఆయనకు బాధేసింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ ఈశ్వరుడికి చేతకానిది తను చేసి చూపిద్దామనుకున్నాడు.

మర్నాడు వాహ్యాళికని బయల్దేరి, వీధి చివరిదాకా కూడా పోకుండా వెనక్కి తిరిగాడు. చెప్పులు చేతపట్టుకుని మెట్లెక్కాడు. తలుపు అవతల పెనం చప్పుడైంది, దాని వెనకే కూతురి నవ్వు వినబడింది. తల్లి పోయాక ఆ పిల్ల అలా నవ్వగా ఆయన వినలేదు. సంతోషించాల్సిన మాటే. కానీ అనుమానం చెవుల్లో దూరాక నవ్వు కూడా నవ్వులా వినబడదు. నన్ను చూసే నవ్వుకుంటున్నారు అనుకున్నాడు. తాళం తీసి లోపలికి వెళ్లేసరికి ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడి ఉన్నారు. కూతురి బుగ్గ ఒకటి ఉబ్బి ఉంది. కిటికీ తెరిచి ఉంది. అప్పుడే వచ్చేశావేం నాన్నా అని అడగడానికి ఆమె ముందు నోట్లోది మింగాల్సి వచ్చింది.

ఆయన వెళ్లి ఫ్రిజ్‌లో సీసా ఉందో లేదో చూసుకున్నాడు. శనివారం సాయంత్రం సీసాకు కొత్తపిండి పెట్టి, గుడ్డ కట్టి, ఎక్కడ దాచాలా అని ఇల్లంతా కళ్లతో వెతికాడు. మంచం కింద చలి. అలమర కూతురు తెరుస్తుంది. చివరికి ఓవెన్ కనబడింది. గాలి తగలదు, వెచ్చగా ఉంటుంది, ఆ ఇంట్లో తను తప్ప దాని తలుపు తెరిచేవాడు లేడు. సీసాను లోపల పెట్టి తలుపు మూసి, ఇక చూసుకోండర్రా అని మనసులో అనుకుని హాయిగా నిద్రపోయాడు.

ఆదివారం బిళ్లలు కాల్చే రోజు. పొద్దున్నే లేచి, వారమంతా పోగైన పిండి గిన్నె ఫ్రిజ్‌లోంచి తీశాడు. దొంగలకు ఒక్క చుక్క మిగల్చకూడదని గిన్నెను వేలితో గీకి మరీ పిండంతా తీశాడు. అందులో సలసల కాగిన నూనె పోశాడు, ఉప్పు, మిరియాల పొడి వేశాడు, కలిపి ట్రేల మీద పల్చగా పరిచాడు. ఈలోగా అల్లుడు వంటగదిలోకి వచ్చి ఫ్రిజ్ తెరిచి, కిందికీ పైకీ చూసి, మళ్లీ కిందికి చూశాడు.

"మామయ్యా, సీసా కనబడటం లేదేం?"

గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకుంటున్నాడు అనుకున్నాడు పెద్దాయన. "సీసాతో మీకేం పని?" అని అల్లుడి మొహంలోకి సూటిగా చూశాడు. చూపు అక్కడినుంచి కదల్చకుండానే, చేతి అలవాటు కొద్దీ మీట తిప్పి ఓవెన్ వెలిగించాడు.

బేకరీలో భట్టీకి ఒక నియమం ఉండేది. నిప్పు పెట్టే ముందు లోపలికి తొంగి చూడాలి. ఎప్పుడో ఒకసారి చల్లారిన భట్టీలో పిల్లి పడుకుని ఉండటం చూశాడాయన. అప్పటినుంచీ ఆ నియమం తను తప్పలేదు, కొత్తగా పనిలో చేరిన ఎవరినీ తప్పనివ్వలేదు. తొంగి చూడకుండా వెలిగించినవాడికి భట్టీ మామ తిట్లు ఆ రోజంతా తిండి అక్కర్లేనంత దొరికేవి. ఇన్నేళ్ల పనిలో మొదటిసారి ఆ రోజు ఆయన చూడలేదు. కళ్లు అల్లుడి మీద ఉన్నాయి.

కాసేపటికి రొట్టె కాలుతున్న వాసన వచ్చింది. కమ్మగా, కొంచెం పుల్లగా. ట్రేలు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. ఎవరు కాలుస్తున్నారు, ఏం కాలుస్తున్నారు అని పెద్దాయన ముందు అల్లుడి వైపే చూశాడు. ఆ తర్వాత ఆయన మొహం పాలిపోయింది.

తలుపు తెరిచేసరికి గుడ్డ మాడిపోయి ఉంది. సీసా పగిలి ఉంది. పిండి పొంగి బయటికొచ్చి, పైన ఎర్రటి పెంకు కట్టి, అడుగుదాకా ఉడికిపోయింది. ఒక్క చెంచా పచ్చిపిండి ఎక్కడైనా మిగిలి ఉంటే చాలు, దానికి పిండి పెట్టి మళ్లీ బతికించుకోవచ్చు. గిన్నె కేసి చూశాడు. కడిగినట్టుంది. ట్రేల కేసి చూశాడు. కాగిన నూనెలో అంతకుముందే వేగిపోయిన పిండి అది.

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. ఇన్నాళ్లూ కాపలా కాసింది ఎవరి నుంచో ఆయనకు అర్థమైంది. "నా చేత్తో నేనే చేశాను," అన్నాడు.

కూతురు వచ్చి ఓవెన్‌లోకి తొంగి చూసింది. అల్లుడు మాత్రం చెప్పులైనా వేసుకోకుండా మెట్ల వైపు పరిగెత్తాడు. అంత దుఃఖంలోనూ పెద్దాయన బుద్ధి ఊరుకోలేదు, చూశావా పారిపోతున్నాడు అనుకుంది.

అల్లుడు రొప్పుతూ తిరిగొచ్చాడు. చేతిలో తువ్వాలు, తువ్వాలులో జామ్ సీసా. "మామయ్యా, తిట్టాలనుకుంటే తర్వాత తిట్టండి. ముందు ఇది వాసన చూడండి."

పెద్దాయన మూత తీశాడు. లోపల పిండి బుడగలు బుడగలుగా లేచి ఉంది. వాసన చూశాడు. భార్య ఆప్రాన్‌కు ఉండే వాసన అది. నకలు చేయాలన్నా ఎవరూ చేయలేనిది. మళ్లీ చూశాడు, మళ్లీ చూశాడు.

అప్పుడు ఇద్దరూ నీళ్లు నములుతూ అసలు సంగతి చెప్పారు. గిన్నెలోంచి తీసిన పిండిని అల్లుడు పారబోయలేదు. అందులో కొంచెం జామ్ సీసాలో వేసుకుని, పెద్దాయన సీసాకు ఎలా పిండి పెడతాడో పక్కనుంచి చూసి నేర్చుకుని, కారులో పెంచుతున్నాడు. డ్రైవింగ్ స్కూలు గదిలో ఉన్న చిన్న స్టవ్ మీద ఉల్లిపాయ రొట్టె వేయడం సాధన చేశాడు. మొదట్లో మాడినవీ విరిగినవీ అక్కడ కారు నేర్చుకునేవాళ్ల చేత తినిపించాడు. బాగా వచ్చాక, సాయంత్రం మామగారు అటు వెళ్లగానే ఇంట్లో భార్యకు వేసిపెడుతున్నాడు.

"ఇదంతా నాకు చెబితే ఏం పోయింది?" అన్నాడు పెద్దాయన.

కూతురు తల వంచుకుంది. "నీ రొట్టె నాకు మింగుడుపడదు నాన్నా. అమ్మది మెత్తగా ఉండేది. సన్న మంట మీద, పైన పళ్లెం మూసి వేసేది. ఆ మాట నీతో అంటే నువ్వు వెయ్యడం మానేస్తావు. అది మానేసి, సీసాకు పిండి పెట్టడం కూడా మానేస్తావేమోనని భయమేసింది."

సీసా ఎక్కడ చచ్చిపోతుందోనని ఈ ఇంట్లో ముగ్గురికీ భయమేనన్నమాట. ఆ మాట పెద్దాయనకు చాలాసేపు లోపల తిరుగుతూనే ఉంది.

అల్లుడు జామ్ సీసాలోంచి సగం పిండి తీసి, ఉల్లిపాయ సన్నగా తరిగి కలిపి, పెనం మీద పరిచి పళ్లెం మూశాడు. మంట పెంచబోయిన మామగారి చెయ్యిని కూతురు పట్టుకుని ఆపింది. రొట్టె అయ్యాక ఆయన ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. మెత్తగా ఉంది. భట్టీ పని ముగించి అలసిపోయి వచ్చిన రోజుల్లో ఆవిడ పళ్లెంలో పెట్టి ఇచ్చిన రొట్టె ఇదే. కళ్ల నిండా నీళ్లు తిరిగాయి. ఉల్లిపాయ వల్ల అని చెప్పుకోవడానికి కూడా లేదు, తరిగింది అల్లుడు.

మిగిలిన సగానికి ఆయనే పిండి పెట్టాడు. సాయంత్రానికి అది నిండుగా పొంగింది. శుభ్రంగా కడిగిన కొత్త సీసా ఒకటి తీసుకుని, పిండిని రెండింటికీ సమంగా పంచి, జామ్ సీసాను తువ్వాలులో చుట్టి అల్లుడి చేతిలో పెట్టాడు.

"ఇది నీ కారులోనే ఉండనీ."

"ఇక దాచాల్సిన పనేముంది మామయ్యా? రెండూ ఇంట్లోనే ఉంచుదాం."

"ఇంట్లో నేనున్నానుగా," అన్నాడు పెద్దాయన. "నన్ను నమ్మకు."