అంతస్తుల వారీగా బొద్దింకల మీద నా దండయాత్ర

మా అపార్ట్‌మెంటు అధ్యక్షులు కోటేశ్వరరావు గారు నాకు శాలువా కప్పి, భుజం దగ్గర మడత సరిచేసి, "మన భవనాన్ని బొద్దింకల పీడ నుంచి విముక్తం చేసిన సెక్రటరీ గారికి" అని మొదలుపెట్టారు. ఆ మాట పూర్తికాకముందే మడతలోంచి ఒక బొద్దింక బయటికి వచ్చి, నా కాలరు మీద నిలబడి, మీసాలు ఆడిస్తూ సభను కలయజూసింది. దాని వెనక రెండోది వచ్చింది. మూడోది అధ్యక్షుల వారి చేతి మీదుగా నడిచి, వాచీలో టైము చూసుకుని, చొక్కా చేతిలోకి వెళ్ళిపోయింది.

ఇలాంటి సన్మానం పగవాడికి కూడా వద్దు. నేను దీన్ని ఎంత కష్టపడి సంపాదించుకున్నానో చెబితే మీరే ఒప్పుకుంటారు.

కొన్నేళ్ళ కిందటి మాట. గవర్నర్‌పేటలో ఒక సందులో నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు మాది. మేముండేది పై అంతస్తులో. కింద సీతారత్నం గారు ఇడ్లీ పిండి, దోసె పిండి రుబ్బి అమ్మేవారు. ఆ పిండి మీదే వాళ్ళ ఇల్లు గడిచేది. ఒక సాయంత్రం ఆవిడ మా ఇంటికి వచ్చారు.

"అన్నయ్య గారూ, పొద్దున ఎదురింటి లాయరు గారి భార్య గిన్నె పట్టుకుని నిలబడి ఉండగా గట్టు మీద బొద్దింక పరిగెత్తిందండీ."

"ఆవిడేమన్నారు?"

"ఏమీ అనలేదు. ఖాళీ గిన్నెతో వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది. తిట్టకుండా వెళ్ళినావిడ పదిమందికి చెబుతుంది. సగం మంది రావడం మానేశారు. ఇలాగే ఉంటే గ్రైండరు అమ్ముకోవడమేనండీ."

నాలో సెక్రటరీ మేల్కొన్నాడు. అప్పట్లో నేను పత్రికలో జిల్లా పేజీలతో పాటు ఇంటి చిట్కాల పేజీ కూడా దిద్దుతుండేవాణ్ణి. బొద్దింక గురించి దానికి తెలియని సంగతులు కూడా నాకు తెలుసు. తల తెగినా కొన్నాళ్ళు బతుకుతుందని తెలుసు. వంటింట్లో తిరిగే చిన్న రకంలో తల్లి గుడ్ల సంచిని పొట్ట చివర తగిలించుకుని మోస్తుందని తెలుసు. ఇంత తెలిసినవాడు ఇంకొకరిని పిలవడం నామోషీ.

"ఎవరినైనా పిలిపిద్దామా?" అన్నారు కోటేశ్వరరావు గారు.

"మనకెందుకండీ, నేనున్నాను" అన్నాను.

జిల్లా పేజీలు ఒకదాని తర్వాత ఒకటి ముగించే అలవాటు కొద్దీ, ఆదివారానికో అంతస్తు చొప్పున కింది నుంచి పైకి పథకం వేశాను. మొదట సీతారత్నం గారిది. చిట్టచివర మాది. సెక్రటరీ ముందు తన ఇల్లు చక్కబెట్టుకున్నాడన్న మాట రాకూడదు కదా. ఈ త్యాగాన్ని దయచేసి గుర్తించండి, అప్పుడు ఎవరూ గుర్తించలేదు. మా ఊళ్ళో నాన్నగారు పొలానికి పురుగుమందు కొట్టే ట్యాంకును తెప్పించి, అందులో ఇళ్ళలో కొట్టే మందు కలిపి, వీపున తగిలించుకుని మెట్లు దిగుతుంటే నన్ను చూసి నాకే నమస్కారం పెట్టబుద్ధయింది.

కింది అంతస్తు శుభ్రపడింది. సీతారత్నం గారి గుమ్మంలో మళ్ళీ గిన్నెలు బారులు తీరాయి. లాయరు గారి భార్య కూడా వచ్చారట. తర్వాత మొదటి అంతస్తు, ఆ తర్వాత రెండోది. ఎక్కడా ఒక్క మీసం కనబడలేదు. మా ఆవిడ పద్మ మాత్రం గొణుగుతూనే ఉంది.

"ఏవండీ, మనింట్లో మరీ ఎక్కువైపోయాయి. పంచదార డబ్బా మూత తియ్యాలంటే తలుపు కొట్టి తియ్యాల్సి వస్తోంది."

"వచ్చే ఆదివారం మన వంతేగా."

"అప్పటిదాకా మనం ఉంటామా, అవి ఉంటాయా?"

ఇంతలో సన్మానం ప్రతిపాదన వచ్చింది. ఒకసారి వద్దన్నాను. రెండోసారి అనడానికి అవకాశం ఇస్తారో లేదోనని ఒప్పేసుకున్నాను. డాబా మీద ఎండగా ఉంటుందని సభ మా హాల్లోనే పెట్టారు. శాలువాను అట్టపెట్టెతో సహా ముందురోజే తెచ్చి ఇచ్చారు. దాన్ని భద్రంగా ఫ్రిజ్ మీద పెట్టింది నేనే. ఫ్రిజ్ వెచ్చదనం, చీకటి, అట్ట, అట్టను అతికించిన జిగురు. పెళ్ళివారికి కూడా ఇంత మంచి విడిది దొరకదు.

శాలువా విదిలించాక కోటేశ్వరరావు గారు చొక్కా దులుపుకుంటూ అడిగారు. "మీ నాన్నగారు చేలో పైరుకు పట్టిన దోమకు మందు కొట్టేటప్పుడు పక్క చేలవాళ్ళకు చెప్పేవారు కాదూ?"

"చెప్పేవారండీ. అందరూ కలిసి కొట్టకపోతే పక్క చేలోకి పోతాయని."

ఈ జవాబు నా నోటితో నేనే చెప్పాను. మందు వాసన తగలగానే చావగా మిగిలినవి పైపుల వెంట పై వంటింటికి బదిలీ అయ్యాయి. మూడు అంతస్తుల జనాభాను వారం వారం మా ఇంటికి తోలింది నేనే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలుచుకొచ్చి, ఆ ఓడినవాళ్ళను ఇంట్లో పెట్టుకున్నాను.

అందరూ నవ్వుతున్నారు. సీతారత్నం గారు నవ్వలేదు.

"అన్నయ్య గారూ, వచ్చే ఆదివారం మీ ఇంట్లో కొడితే అవి ఎటు పోతాయండీ?"

పైన ఆకాశం. పోతే కిందికే. ఆ ఆదివారం నేను ట్యాంకు ముట్టుకోలేదు.

దాని బదులు జెల్ మందు తెచ్చాం. అది తరమదు, పిలిచి భోజనం పెడుతుంది. తిన్నది పగుల్లోకి వెళ్ళి చస్తుంది, దాన్ని తిన్నవీ చస్తాయి. సింకుల్లో తడి లేకుండా తుడిచి, ఒకేరోజు అన్ని వంటిళ్ళలోనూ చుక్కలు పెట్టించాను. మా అంతస్తు కూడా నెమ్మదిగా తెరిపిన పడింది. సీతారత్నం గారు గ్రైండరు అమ్మలేదు, రెండోది కొన్నారు. దాని ప్రారంభానికి నన్నే పిలిచారు. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది, దాచుకోను.

ఆ రోజే గ్రైండరు సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట ఏ ప్రాణినైనా వెళ్ళగొట్టేముందు, అది ఎక్కడికి వెళ్ళదలచుకుందో కనుక్కుని గానీ చెయ్యెత్తను.

అన్ని వంటిళ్ళూ అన్నాను గానీ, రెండో అంతస్తులో ఒక ఫ్లాటుకు తాళం ఉంది. దూరాన ఉండే ఓనరు గారు వచ్చినప్పుడల్లా గన్నవరంలో విమానం దిగి, నేరుగా కూచిపూడి దగ్గర అత్తగారింటికి వెళ్ళి, అటునుంచి అటే వెళ్ళిపోతారు. తాళంచెవి పంపిస్తానని ప్రతిసారీ ఫోనులో చెబుతున్నారు. ఇంకా పంపలేదు.