గుంతలో పడిన ఏనుగు

మొన్న చామోర్షిలో పాత పుస్తకాల కుప్పలో ఒక పిల్లల మాసపత్రిక కనిపించింది. అట్ట మీద గుంతలో పడిన ఏనుగు బొమ్మ ఉంది. చూడగానే అంకిసలో మా ఇల్లు గుర్తొచ్చింది. ఎనభైల్లో పెరిగినవాళ్ళారా, ఆ పత్రికలో వచ్చిన మాట్లాడే జంతువుల సీరియల్ మీకూ గుర్తుందా?

మాది నదికి మరాఠీ వైపు ఊరు, బడిలో మాకు మరాఠీయే. అప్పటికి నాకు తెలుగు అక్షరం రాదు. నాన్న పడవలో నది దాటి తెచ్చే పత్రిక చేపల వాసన కొట్టేది. దాన్ని అమ్మ చదివి వినిపించేది. ఒక నెల ఏనుగు గుంతలో పడింది, వేటగాళ్ళు వస్తున్నారు, కథ అక్కడ ఆగింది. కొత్త సంచిక వచ్చేసరికి అమ్మకు కళ్ళకలక. కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని పడుకుంది. నాన్నకు సంతకం తప్ప ఏమీ రాదు.

“ఏనుగు బయటికొచ్చిందా అమ్మా?”

“నాకెట్ల తెలుస్తది బిడ్డా! నాకూ గదే పరేషాన్. అక్షరం ఎట్లుందో నా చేతిల గియ్యి, చెప్త.”

ఆమె అరచేతిలో వేలితో ఒక్కో అక్షరమే గీశాను. “ఇది ము, ఇది ళ్ళ” అని చెబుతూ, చక్కిలిగింతకు నవ్వేది. రెండు పేజీలకు మూడు రోజులు పట్టింది. చివరికి ముళ్ళపంది గుంత అంచు తవ్వి బాట చేస్తే ఏనుగు పైకెక్కింది.

“ముళ్ళపందా! గంత చిన్నదా?” అమ్మ లేచి కూర్చుంది. “మళ్ల సదువు బిడ్డా.”

మొదటి నుంచి చదివాను. ఈసారి ఒక్క అక్షరం కూడా ఆమెను అడగలేదు.