నూనె డబ్బా మీది తలపాగా

నా చిన్నప్పుడు మా తాతయ్య ముఖం మా ఇంట్లోకంటే అంగడిలోనే ఎక్కువగా కనిపించేది. పల్లినూనె డబ్బాల మీద ఆ బొమ్మ ఉండేది. ఎర్ర తలపాగా, మెలితిప్పిన మీసం, పైకెత్తిన కుడిచెయ్యి. జడ్చర్లలో మాకు నూనె మిల్లు ఉన్న రోజుల్లో బోర్డులు రాసే ఒక సాయిబును పిలిపించి, తాతయ్యను కుర్చీలో కూర్చోబెట్టి గీయించారట. చదువు రానివాళ్ళు కూడా దుకాణంలో వేలు చూపించి ‘గా తలపాగ నూనె ఇయ్యి’ అని అడిగేవారు.

నాకు ఊహ తెలిసేనాటికి భూములు పోయాయి, మిల్లూ పోయింది. ఎలా పోయాయో చెప్పుకునే అలవాటు మా ఇంట్లో లేదు. ఇక్కడా చెప్పను. మిల్లుతోపాటు ఆ బొమ్మ కూడా కొన్నవాళ్ళకే వెళ్ళింది. సంతకం చేసి వచ్చిన రోజే తాతయ్య మంగలిని పిలిపించి మీసం తీయించుకున్నారు. తలపాగాను అవ్వ మడిచి సందుక పెట్టెలో పెట్టింది. అమ్మిన వస్తువును మళ్ళీ మనం వాడుకోకూడదన్నది ఆయన పద్ధతి.

ఒక ఎండాకాలం నాకు చెప్పులు కొనడానికి ఆయన నన్ను జడ్చర్ల అంగడికి తీసుకుపోయారు. కొత్త తోలు చెప్పులు తొడుక్కొని, అవి కిర్రుమంటుంటే వినుకుంటూ నడుస్తున్నాను. నూనె దుకాణం ముందు జనం గుమిగూడి ఉన్నారు. కొత్త యజమానులు బాగోతాలు ఆడే ఒక పొడుగాటి మనిషిని తెచ్చి, డబ్బా మీది బొమ్మలాగే వేషం కట్టించి, బల్ల ఎక్కించి నిలబెట్టారు. ఎర్ర తలపాగా, మసి పూసిన పత్తిమీసం. అతను చెయ్యెత్తినప్పుడల్లా పిల్లలు కేకలు పెడుతున్నారు.

నాకు కోపం రాలేదు. ఏమీ రాలేదు. మా తాతయ్య బల్ల మీద ఉన్నారు, మా తాతయ్యే నా చెయ్యి పట్టుకొని ఉన్నారు. ఎటు చూడాలో మాత్రం తెలియలేదు.

అప్పుడు గొంగడి భుజాన వేసుకున్న ఒక గొర్లకాపరి ముసలాయన జనంలోంచి ముందుకు వచ్చాడు. తల ఎత్తి చూసి, చప్పున చెప్పులు విడిచి చేతిలో పట్టుకున్నాడు. నడుము వంచి “దండం దొరా” అన్నాడు.

ఒకప్పుడు, తాతయ్య ఊరి దొరగా ఉన్న రోజుల్లో, కోటలాంటి మా ఇల్లు గడి ముందునుంచి పోయేవాళ్ళందరూ అలాగే చెప్పులు చేతబట్టుకొని పోయేవారని అవ్వ చెప్పేది. నేను పుట్టకముందే ఆ రివాజు ఆగిపోయింది. కళ్ళారా చూడడం అదే మొదలు.

జనం ఒక్కసారిగా నవ్వారు.

“ఓ ముసలాయనా, గాయిన దొర గాదు, నూనెడబ్బ.”

“మీసం గుంజి సూడు, పత్తి ఊడొస్తది.”

“జర గట్టిగ మొక్కు, ఓ డబ్బ పుక్కట్లిస్తడు.”

బల్ల మీది మనిషి ఎత్తిన చెయ్యి దించేశాడు. “నేను బాగోతపోన్ని పెద్దనాయినా. చెప్పులు తొడుక్కో, కాళ్ళు కాల్తయ్” అన్నాడు.

“కండ్లు సరిగ కనవడయి బిడ్డా. కాళ్ళే చెప్పులిడిసినయ్” అన్నాడు ముసలాయన. చెప్పులు కింద పెట్టబోయి, పెట్టలేక, అలాగే చేతిలో పట్టుకొని నిలబడ్డాడు. నవ్వు ఆగలేదు.

నేను తాతయ్య చెయ్యి గుంజాను. “తాతా, నువ్వే అని చెప్పు.” ఒక్క మాట చాలు, అందరి నోళ్ళూ మూతపడతాయని నా నమ్మకం.

తాతయ్య ఆ మాట చెప్పలేదు. వంగి తన చెప్పులు విడిచి చేతిలో పట్టుకొని, వెళ్ళి ముసలాయన పక్కన నిలబడ్డారు. “నాకు గూడ దొరే అనిపించిండు” అన్నారు, అందరికీ వినపడేలా.

“గిదో ఇంకోడు” అన్నారెవరో. తాతయ్య నా వైపు తిరిగి, “నువ్వు గూడ ఇడువు” అన్నారు.

నేను విడవలేదు. మా ఇంటి ముందు పరాయివాళ్ళు చెప్పులు విడిచారు గానీ, మేము ఎవరి ముందూ విడవలేదు. అంతవరకే నాకు తెలుసు. ఆయన రెండోసారి అడగలేదు.

బాగోతం మనిషి బల్ల దిగాడు. తానూ కాళ్ళ జోళ్ళు విడిచి, ముసలాయనకు అటుపక్క నిలబడ్డాడు. ముగ్గురూ అలా ఉత్తకాళ్ళతో ఎర్రమట్టిలో నిలబడితే ఇక ఎవరిని చూసి నవ్వాలో జనానికి తెలియలేదు. ఒక్కొక్కరే కదిలిపోయారు.

ముసలాయన తాతయ్యను అడిగాడు. “మీదే ఊరు?”

తాతయ్య మా ఊరి పేరు చెప్పారు.

“అయితే దొర నీకు ఎరికేనా?”

“ఎరికే” అన్నారు తాతయ్య. అంతే. ముసలాయన వంగి చెప్పులు తొడుక్కొని వెళ్ళిపోయాక గానీ ఆయన తనవి తొడుక్కోలేదు.

చెప్పులు విడవనందుకు దారిలో ఆయన నన్ను మందలించలేదు. ఆ తరువాత కూడా మందలించలేదు. కొత్త చెప్పులు మడమలు కొరికి పుండు చేశాయి. అయినా ఇల్లు చేరేదాకా విడవలేదు. ఆయన అలా ఎందుకు చేశారో నాకు వివరించిన వాళ్ళు లేరు. వినయమని నేను అనను, వినయం మా వంశంలో లేదు. తన ఇంటి ముందు నేర్పిన వంగుడుకు ఒక మనిషి అంగట్లో నగుబాటు పాలవుతుంటే, పక్కన నిలబడవలసింది తానేనని అనుకొని ఉంటారు.

తెలంగాణ వచ్చాక జడ్చర్ల గుర్తుపట్టలేనంతగా మారింది. మొన్న హైవే పక్కన ఆ నూనెవాళ్ళే కొత్తగా తెరిచిన దుకాణానికి మనవరాలితో వెళ్ళాను. గుమ్మంలో స్పాంజితో చేసిన పెద్ద తలకాయ తొడుక్కొని ఒక మనిషి వచ్చినవాళ్ళకు చెయ్యి కలుపుతున్నాడు. అదే ఎర్ర తలపాగా, అదే మీసం. ముఖం మాత్రం ఇప్పుడు ఎవరిదీ కాదు.

“గీయన ఎవరు తాతా?” అంది మనవరాలు.

“నూనె అమ్మేటాయన” అన్నాను.

ఇద్దరం ఆ బొమ్మకు చెరోపక్క నిలబడి ఫోటో దిగాం. జనంలో నిలబడితే ఇప్పటికీ నా చూపు ముందు కాళ్ళ మీదికే పోతుంది. ఆ రోజు అంగట్లో చివరికి మిగిలిన నలుగురిలో చెప్పులతో ఉన్నది నేనొక్కణ్ణే. ఫోటోలో కూడా నా చెప్పులు స్పష్టంగా పడ్డాయి.