సబ్బుపెట్టె వెనక చక్రాలు

మా పెదనాన్న పోయారని ఫోన్ వచ్చేసరికి నేను రాజమండ్రిలో, మా స్కూలు స్టాఫ్‌రూములో కూర్చుని క్యారేజీ విప్పుతున్నాను. ఫోన్ చేసింది ధవళేశ్వరంలో మా చర్చికి వ్యాను నడిపే బ్రదర్. "చెల్లెమ్మా, పెద్దాయన్ని ప్రభువు పిలిచేసుకున్నాడమ్మా. నిద్రలోనే పోయారు. నువ్వొచ్చెయ్," అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. "అదేంటండీ, ఎలా పోతారు? రబ్బర్లు వచ్చేశాయి కదా!" అన్నాను. పొద్దున్నే కొరియర్ ఆఫీసులో తీసుకున్న ఆ పార్సిలు నా బ్యాగులోనే ఉంది. సాయంత్రం తీసుకెళ్ళి ఆయన చేతిలో పెడదామనుకున్నాను.

ఆ రబ్బర్ల గొడవేంటో చెప్పాలంటే ముందు ఆయన కారు సంగతి చెప్పాలి. పెదనాన్న ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. ఫైళ్ళు, చర్చి, ఇల్లు తప్ప ఇంకో లోకం లేని మనిషి అనుకునేవాళ్ళం. రిటైరయ్యాక, జంగారెడ్డిగూడెం దగ్గర ఒక పొగాకు వ్యాపారి గోడౌన్‌లో పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారొకటి ఆయన కంటపడింది. అప్పటికి దాంట్లో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. ఆయన దాన్ని లారీ ఎక్కించి ఇంటికి తెచ్చేశారు. రెండే సీట్లు, పైన కప్పు లేదు, నేలకి జానెడు ఎత్తు. పెద్దమ్మ గుమ్మంలోంచి చూసి, "ఇన్నేళ్ళూ బుద్ధిగానే ఉన్నారుగా, ఇప్పుడేం పుట్టిందండీ మీకు!" అని నెత్తి కొట్టుకుంది. వీధిలో వాళ్ళు దానికి సబ్బుపెట్టె అని పేరు పెట్టారు.

తిట్టినావిడే తర్వాత దానికి అలవాటు పడింది. ఆదివారం ఆరాధన అయ్యాక తలకి స్కార్ఫు కట్టుకుని, లేసు అల్లే సంచీ ఒళ్ళో పెట్టుకుని ఎక్కేది. పెద్దమ్మది నరసాపురం. చేతిలో క్రోషే సూది లేకపోతే ఆవిడకి మాట కూడా సరిగ్గా రాదు. ఇద్దరూ బ్యారేజీ మీద అవతలి ఒడ్డుదాకా వెళ్ళి, టీ తాగి వచ్చేవాళ్ళు. పిల్లల్లేని ఇల్లు కదా, ఆ బండి వచ్చాక కాస్త సందడి వచ్చిందని మా అమ్మ అంటుండేది.

పెదనాన్న కారు కింద పడుకున్నా ఆఫీసు చొక్కాయే వేసుకునేవారు. తెల్లది, ఫుల్ హ్యాండ్స్, జేబులో పెన్ను. తుప్పు పట్టిన బోల్టు రాకపోతే దాన్ని బతిమాలేవారు. "సార్, కాస్త దయచెయ్యాలి. తమరు కదిలితే గానీ పని అవ్వదు," అనేవారు. నేను నవ్వితే, "నవ్వకమ్మా. ఆఫీసర్ల దగ్గర ఇలాగే కదా ఫైళ్ళు కదిపాను. బోల్టు ఎంత?" అనేవారు. చిత్రం, ఆ బోల్టులు వచ్చేవి కూడాను. నేను తిట్టి తిప్పితే ఒక్కటీ వచ్చేది కాదు.

కిందటేడు బండి వెనకనుంచి రొద మొదలైంది. మలుపు తిరిగితే వెనక భాగం ఊగేది. పెదనాన్న జాకీ ఎత్తి, చక్రం రెండు చేతులతో పట్టుకుని ఊపి చూశారు. బేరింగు పోయింది. చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఆర్ము మొదట్లో రబ్బరు బుష్‌లుంటాయి, అవి ఎండి పగిలిపోయాయి. రెండువైపులా అదే సంగతి. సరే, మొత్తం విప్పి కొత్తవి వేద్దామని బండిని స్టాండ్ల మీద నిలబెట్టి, చక్రాలు, స్ప్రింగులు, ఆర్ములు అన్నీ ఊడదీశారు. అవన్నీ అలా గోనెసంచుల మీద పరిచి ఉన్నప్పుడే ఆయన కడుపునొప్పికి డాక్టరు పేరు చెప్పాడు. ఆ పేరు మా ఇంట్లో ఎవరం పైకి అనలేదు.

"నాకేం పెద్ద కోరికలు లేవమ్మా. దీన్ని మళ్ళీ నేలమీద నిలబెట్టాలి. మీ పెద్దమ్మని ఎక్కించుకుని నరసాపురం తీసుకెళ్ళాలి. వాళ్ళ పుట్టింటి చర్చి ముందు దింపాలి. నేనే నడపాలి," అన్నారు. అంతే, ఇంక మాకదే పని అయిపోయింది. ఆయన చేతుల్లో బలం తగ్గుతోంది గనుక స్పానర్ నాకిచ్చారు. నేను లెక్కల టీచర్ని. నాకు సైకిల్ చైను వెయ్యడం కూడా రాదు. ఆయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చెబుతుంటే నేను కింద దూరి చేసేదాన్ని. నోరెక్కువ అని నాకు పేరు. ఆ షెడ్డులో మాత్రం నోరు మూసుకుని చెప్పింది చేశాను.

బేరింగు కొట్టి ఎక్కించకూడదట. చల్లబరిచి, అది కూర్చునే ఆర్మును వేడి చేసి జారవిడవాలట. కొత్త బేరింగులు ప్లాస్టిక్ కవర్లో చుట్టి డీప్ ఫ్రీజర్లో పెట్టమన్నారు. పెద్దమ్మ రొయ్యల కోసం చెయ్యి పెట్టి, "ఒసే, ఇవేంటే ఇనుప గారెలు!" అని కేకేసింది. ఆర్ముకి ఆవిడ క్రిస్మస్ కేకుల ఓవెనే గతి అయింది. "నా కేకులు ఇక గ్రీజు కంపే," అని సణుగుతూనే ఆవిడే గుడ్డలు చుట్టుకుని బయటికి తీసింది. బేరింగు అందులో పెట్టగానే ఏ ఒత్తిడీ లేకుండా జారి కూర్చుంది. పెదనాన్న కుర్చీలోంచే చప్పట్లు కొట్టారు. ఆ రోజు ముగ్గురం ఎంత నవ్వుకున్నామో! మేం గెలిచేస్తామనే అనుకున్నాను.

బుష్‌ల దగ్గర మాత్రం ఆయన ఒక మాట పదేపదే చెప్పారు. "బోల్టులు ఎక్కించు గానీ బిగించకు. చేత్తో తిప్పి వదిలెయ్. గాలిలో వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు ఆ వంకరలోనే పట్టేస్తుంది, కిందకి దింపగానే మెలిపడి చీలిపోతుంది. బండి నేలమీద నిలబడాలి. ఎక్కే ఇద్దరూ ఎక్కి కూర్చోవాలి. మనుషులు లేకపోతే బియ్యం బస్తాలైనా పెట్టాలి. బరువు పడ్డాకే బిగించాలి." అలాగే వదులుగా వదిలేశాను. మర్నాడు దింపుదామనుకుంటే ఆయనకి వాంతులు ఎక్కువై ఆసుపత్రిలో చేర్చాం.

ఆయన అక్కడుండగా మా సంఘంలో మగవాళ్ళు, వ్యాను బ్రదర్‌తో సహా, పెద్దాయనకి సంతోషం కలిగిద్దామనుకున్నారు. షెడ్డులోకి వెళ్ళి చూస్తే బోల్టులన్నీ వదులుగా ఉన్నాయి. పాపం ఆడపిల్ల, బిగించడం మర్చిపోయిందనుకున్నారు. స్పానర్‌కి గొట్టం తొడిగి, బండి ఇంకా స్టాండ్ల మీద ఉండగానే, ఉన్న బలమంతా పెట్టి బిగించేశారు. దింపి, బాగుందో లేదో చూద్దామని కాలవగట్టు గుంటల్లో అటూ ఇటూ తిప్పారు. పెదనాన్న ఆటో దిగేసరికి సబ్బుపెట్టె గేటు ముందు బంతిపూల దండ వేసుకుని ఉంది. చుట్టూ అందరూ నవ్వుతూ నిలబడ్డారు.

వెనక భాగం ఎత్తుగా ఉండిపోయింది. పెదనాన్న దాన్ని చూశారు. మెల్లగా వెళ్ళి వెనక మడ్‌గార్డు మీద చెయ్యి వేసి నొక్కారు. కిర్రుమంది. నేను నోరు తెరవబోతే ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. "ఎంత కష్టపడ్డారయ్యా! అందరికీ వందనాలు. రండి, ప్రార్థన చేసుకుందాం," అన్నారు. వాళ్ళు కాఫీలు తాగి వెళ్ళిపోయాక, "మళ్ళీ ఎత్తాలమ్మా," అన్నారు.

ఎత్తి చూస్తే కొత్త రబ్బర్లన్నీ చీలిపోయి ఉన్నాయి. అవి ఇక్కడ దొరకవు, ఇంగ్లండు నుంచి రావాలి. మళ్ళీ ఆర్డరు పెట్టి కూర్చున్నాం. అంతకంటే ఏం చెయ్యగలం? ఫోన్లో పార్సిలు ఎక్కడుందో చూసుకోవడం, ఆయన చిక్కిపోవడం చూడడం, ఈ రెండే నా పనులు. ఎవరినైనా తిట్టుకుందామన్నా దారి లేదు. ప్రేమతో చేసినవాళ్ళని ఏమని తిడతాను? చివర్లో ఆయన్ని మంచం మీంచి కుర్చీలోకి నేనొక్కదాన్నే ఎత్తేదాన్ని. "ఇంత తేలికైపోయారేంటి పెదనాన్నా," అని ఒకసారి నోరు జారాను. "పెట్రోలు తక్కువ పడుతుందిలే," అన్నారు. స్నానాల గదిలోకెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

సమాధి దగ్గర వ్యాను బ్రదర్ నా పక్కన నిలబడి, "ఆ బోల్టుల సంగతి నాకు నిన్ననే తెలిసింది చెల్లెమ్మా. పెద్దాయన ఒక్క మాటైనా అనలేదు," అని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను బ్రదర్ భుజం మీద చెయ్యి వేశాను, అంతే.

జ్ఞాపకార్థ కూటం అయిన తర్వాతి ఆదివారం పెద్దమ్మ, "ఆ బండిని అలా గాలిలో ఉంచకే. చూడలేకపోతున్నాను," అంది. నేనూ బ్రదరూ కొత్త రబ్బర్లు ఎక్కించాం. బోల్టులు చేత్తో తిప్పి వదిలేశాం. చక్రాలు వేసి మెల్లగా నేలమీదకి దింపాం. ఇక బరువు పడాలి. పెద్దమ్మ స్కార్ఫు కట్టుకుని వచ్చి తన సీట్లో కూర్చుంది. స్టీరింగు దగ్గర కూర్చోమంటే బ్రదర్ చేతులు జోడించేశాడు. నాకూ మనసు రాలేదు.

వంటింట్లోంచి ఇరవై అయిదు కేజీల బియ్యం బస్తాలు రెండు మోసుకొచ్చి పెదనాన్న సీట్లో పెట్టాను. ఎందుకు రెండే తెచ్చానో నేను ఆలోచించలేదు. నా చేతులకి తెలిసిన బరువు అదే. బ్రదర్ కారు కింద దూరి స్పానర్ పట్టుకున్నాడు.

పెద్దమ్మ పక్కకి తిరిగి ఆ బస్తాల వంక చూసింది. "ఇదేంటే? మీ పెదనాన్న ఇంతేనా?" అంది.

నేను పై బస్తా మూతి సర్దుతూ నిలబడ్డాను.

"జబ్బు మనిషిని కూర్చోబెడతావేంటే? నన్ను నరసాపురం తీసుకెళ్తానన్నది ఆయన కాదు. వెళ్ళు, ఇంకోటి తీసుకురా."

మూడో బస్తా తెచ్చి పైన పెట్టాను. బండి వెనక్కి ఇంకాస్త కుంగి, సమంగా నిలబడింది. "ఇప్పుడు బిగించండి బ్రదర్," అంది పెద్దమ్మ. కింద స్పానర్ తిరిగినప్పుడల్లా కారు కొద్దిగా ఊగుతోంది. పై బస్తా పక్కకి జారబోతే పెద్దమ్మ కుడిచెయ్యి చాపి దాన్ని ఒడిసి పట్టుకుంది. ఆఖరి బోల్టు బిగిసి బ్రదర్ బయటికి వచ్చాక కూడా ఆ చెయ్యి తియ్యలేదు.