ఎనిమిది చిల్లులు

మా పక్కింటివాళ్లు మేడ మీద మరో రెండు గదులు వేసుకుంటున్నారు. వారం రోజులుగా తలుపులు నునుపు చేయిస్తున్నారు. నిన్న పొద్దున టీ గ్లాసు వరండాలో పెట్టి, గేటు దగ్గర పడిన పేపరు తెచ్చుకునేలోగా టీ మీద పలచటి పొర పట్టింది. వేలితో తీసి చూశాను. టేకు పొడి. పిండికంటే మెత్తన, చేదు నూనె పూసిన తోలు వాసన. పైనుంచి గుయ్యిమని మిషన్ మోత. చెక్క మీద ఆనగానే ఆ మోత కాస్త బొంగురుపోతుంది. టీ పారబోసి లోపలికి వచ్చి కిటికీ మూసుకున్నాను. ఆ పొడిని నెలల తరబడి పీల్చిన మనిషి ఒకాయన నా దగ్గర పనిచేసేవాడు. ఆయన పనితనం గురించి ఇన్నేళ్లూ అందరికీ చెప్పుకున్నాను. నేను చేసిన పని గురించి చెప్పలేదు.

ఆయన పేరు లక్ష్మీరాజం. వడ్రంగి. తొంభైల మొదట్లో నేను ఊళ్లో వ్యవసాయం తమ్ముడికి వదిలేసి, కరీంనగర్ శివారులో రేకుల షెడ్డు వేసి ఫర్నిచర్ పని మొదలుపెట్టినప్పుడు నాకు ఆయనే దిక్కు. చెక్క గురించి నాకు తెలిసింది ఏమీ లేదు. ఆయనకు యాభై దాటాయి, నాకు ముప్పై. అయినా నేను ఆయనను పేరు పెట్టి నువ్వనే పిలిచేవాణ్ని. ఆయన నన్ను, ఊళ్లో భూములున్న పెద్దలను పిలిచినట్టు, పటేలా అనేవాడు. అందులో తప్పుందని అప్పట్లో నాకు తోచలేదు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. చెక్క ఎంత నునుపైందో చూడటానికి అరచెయ్యి వాడేవాడు కాదు. "అరచెయ్యి మొద్దువడ్డది, అబద్దం చెప్తది" అని చొక్కా చెయ్యి పైకి మడిచి, ముంజేతి లోపలి వైపు ఆనించి కళ్లు మూసుకునేవాడు, జ్వరం చూస్తున్నట్టు.

అప్పటిదాకా నునుపంతా చేత్తోనే. ఉప్పు కాగితాన్ని చిన్న చెక్కముక్కకు చుట్టి, చెక్కలో నార ఎటు పోతే అటే రుద్దాలి. ఒక తలుపుకు ఒక పూట పట్టేది. నాకు ఆ ఆలస్యం గిట్టేది కాదు. ఎవరినీ అడగకుండా హైదరాబాదు వెళ్లి, నలుపలకల అట్టతో గడగడా అదిరే మిషన్ ఒకటి కొనుక్కొచ్చాను. ఒక లెక్చరర్ ఇంటికి చేసిన బీరువా తలుపులు దానితో రుద్ది పాలిష్ వేస్తే, చెక్క నిండా మెంతులు చల్లినట్టు చిన్న చిన్న వంకర గీతలు తేలాయి. లక్ష్మీరాజం వంగి చూసి నవ్వాడు.

"పాలిష్ ఏసేముందు తడిబట్టతోని తుడిచి, ఎలుగుకు వాలుగ పెట్టి చూడాలె పటేలా. గీతలు ఊకె దాక్కొని ఉంటయి. పాలిష్ చాడీలు చెప్తది."

ఆ పాలిష్ అంతా గీకేసి మళ్లీ మొదటినుంచీ రుద్దటానికి ఆయనకు నాలుగు రోజులు పట్టింది. తప్పు నాది. చేతులు ఆయనవి. మా ఇద్దరి మధ్య పని ఎట్లా నడవబోతుందో ఆ నాలుగు రోజుల్లోనే తెలిసిపోవాల్సింది.

మా బావమరిది దుబాయ్‌లో చెక్కపని చేసే వర్క్‌షాపులో స్టోర్ చూసేవాడు. సెలవు మీద వచ్చేముందు, అక్కడ మూడు రకాల మిషన్లున్నాయి, ఏది తేవాలో చెప్పమని ఉత్తరం రాశాడు. ఒకటి బెల్టు తిరిగేది, ఒకటి నలుపలకలుగా అదిరేది, ఇంకొకటి గుండ్రటి అట్ట మీద తిరుగుతూనే పక్కకు ఊగేది. లక్ష్మీరాజం ఆ ఉత్తరాన్ని నాతో రెండుసార్లు చదివించుకున్నాడు.

"బెల్టుది ఆకలిమీదున్నది, పల్చటి చెక్కను తినేస్తది. నాలుగు మూలలది మనకాడున్నదే. గీ గుండ్రందే తెప్పియ్యి."

"ఎందుకు?"

"గిది తాగినోని లెక్క. తిరుగుతది, తూలుతది. ఏసిన అడుగుల మల్ల అడుగెయ్యది. గందుకే గీత పడది."

"తాగినోన్ని పనిల పెట్టుకుందామా?"

"ఉన్నోళ్లు ఎట్లున్నరు పటేలా?" అన్నాడు. షెడ్డులో మిగతా పనివాళ్లంతా గొల్లున నవ్వారు.

మిషన్ వచ్చింది. అరచేతిలో ఇమిడేంత ఉంది. వెనక చిన్న గుడ్డ సంచి, అడుగున అట్టకు చుట్టూ ఎనిమిది చిల్లులు. దానితో వచ్చిన గుండ్రటి కాగితాలకూ ఎనిమిదే. చిల్లు మీద చిల్లు వచ్చేలా కాగితం అంటిస్తే, రాలిన పొడిని మిషన్ ఆ దారినే పీల్చి సంచిలోకి నెడుతుంది. లక్ష్మీరాజం రెండు రోజులు దాన్ని పాత పలకల మీద తప్ప వాడలేదు. ఆ తరవాత నన్ను పక్కన నిలబెట్టుకుని నేర్పాడు. చెక్క మీద ఆనించాకే స్విచ్ వెయ్యాలి, గాల్లో తిప్పి దించితే గుంట పడుతుంది. గరుకు కాగితం తరవాత నడిమిది, దాని తరవాతే సన్నది. మధ్యది ఎగ్గొడితే మొదటిదాని గీతలు చివరిదాకా ఉంటాయి. కాగితం మార్చినప్పుడల్లా పొడి తుడవాలి. ఆఖరున నాలుగుసార్లు మాత్రం చేత్తోనే, నార వెంట. నేను మిషన్ పట్టుకుంటే ఆయన నా మణికట్టు పట్టుకుని పైకి లేపేవాడు.

"వత్తకు పటేలా! నువ్వు వత్తితే తిరుగుడు బందయితది, ఊగుడే మిగుల్తది. గప్పుడు గీతలే. చెయ్యి బరువు సాలు."

నేను వత్తే మనిషిని. చెక్కనే కాదు, మనుషులనూ. ఆ మాట నాతో అన్నది ఆయన ఒక్కడే. అది నేను మిషన్ పాఠంగానే విన్నాను.

మూడు నెలలకు దుబాయ్ కాగితాలు అయిపోయాయి. చిల్లుల కాగితం కరీంనగర్‌లో దొరకలేదు. నేను మామూలు ఉప్పు కాగితాన్ని గుండ్రంగా కత్తిరించి, సొల్యూషన్ పూసి అట్టకు అంటించాను. మిషన్ బాగానే తిరిగింది, బాగానే రుద్దింది. గొప్ప తెలివి చూపించానని మురిసిపోయాను. లక్ష్మీరాజం ఇనుప గొట్టం ముక్క అంచును సానబట్టి, ఒక్కో కాగితానికి ఎనిమిది చిల్లులు కొట్టసాగాడు. ఒక్కోదానికి పది నిమిషాలు. ఒక కాగితం అర తలుపుకైనా రాదు. అప్పటికి నేను ఒక లాడ్జికి నలభై తలుపులు, గదికో మంచం, బీరువాతో సహా, చేసిస్తానని ఒప్పుకుని ఉన్నాను.

"చిల్లులు కొట్టుకుంట కూసుంటే తలుపులు ఎప్పుడైతయి? పని కానియ్యి" అన్నాను.

ఆయన గొట్టం కింద పెట్టాడు. "దాని ముక్కు మూస్తున్నవు పటేలా. ఇగ అది నా ముక్కుతోని పీలుస్తది."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. గొట్టం ముక్కను తీసి సొరుగులో పడేసింది నేనే. ఖాళీ సంచి ఊరికే వేలాడుతోందని పీకేసింది కూడా నేనే. పొడి లేచి తడి పాలిష్ మీద పడుతుంటే, ఆయనను వెనక గదిలోకి పంపి తలుపూ కిటికీ మూయించాను. ముఖానికి తువ్వాల కట్టుకుని పని చేసేవాడు. సాయంత్రం బయటికి వస్తే కనురెప్పల వెంట్రుకలు కూడా పసుపుపచ్చగా ఉండేవి.

కొన్ని నెలలకు పొడిదగ్గు మొదలైంది. ఆ తరవాత షెడ్డు మెట్లు రెండు ఎక్కి ఆగేవాడు. నేనే స్కూటర్ మీద ఆసుపత్రికి తీసుకుపోయాను. ఆ మంచితనానికి నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసి, "ఏం పని చేస్తావు? దుమ్ములో ఉంటావా?" అని అడిగాడు. లక్ష్మీరాజానికి దగ్గు తెర వచ్చింది. దగ్గుతూ నా వైపు చూశాడు. ఆ తెర ఆగేలోపు నేను జవాబు చెప్పాను.

"ఇంట్ల ఆడామె బీడీలు చేస్తది సార్. పొద్దుమాపు పొగాకుల్నే ఉంటడు."

అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. మా ప్రాంతంలో ఎందరో ఆడవాళ్లలాగే ఆయన భార్య మల్లవ్వ ఇంట్లో చాట ముందేసుకుని బీడీలు చుట్టేది. ఆయన మాత్రం ఒక్క బీడీ ముట్టించి ఎరగడు. నలభై తలుపుల్లో ఇంకా పదిహేను మిగిలున్నాయి. దుమ్మని చెబితే డాక్టరు పని మాన్పిస్తాడని నాకు తెలుసు. డాక్టరు పొగాకుకు దూరంగా ఉండమని గట్టిగా చెప్పి, మందులు రాశాడు.

బయటికి వచ్చాక లక్ష్మీరాజం స్కూటర్ పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. "నేను దుమ్మనుకున్న పటేలా. పొగాకట. ఫోటోల కనవడ్డదంటే గదే గావచ్చు" అన్నాడు. నేను స్కూటర్ స్టార్ట్ చేశాను. మర్నాడు ఆయన వెనక గదిలోకి వెళ్లి తలుపు మూసుకున్నాడు. నలభై తలుపులూ పూర్తయ్యాయి. ఒక్కదాని మీదా గీత లేదు. ఆ తరవాత ఆయన పనికి రాలేకపోయాడు. వానాకాలం గడవకముందే పోయాడు. కర్మకాండలన్నీ దగ్గరుండి జరిపించాను. నా అంత మంచి యజమాని లేడని చుట్టాలు అనుకున్నారు.

కొన్నాళ్లకు ఉండబట్టలేక డాక్టరు దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పాను. ఆయన రాస్తున్న కలం ఆపాడు. "అప్పుడే చెప్పి ఉంటే ఆ గదిలోకి పోనిచ్చేవాణ్ని కాదు" అన్నాడు. అంతే. తరవాతి రోగిని పిలిచాడు.

మల్లవ్వకు చెప్పటానికి ఇంకో మూడేళ్లు పట్టింది. ఆమె వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నేను కింద, అరుగు పక్కన కూర్చున్నాను. చిల్లుల సంగతి, సంచి సంగతి, డాక్టరుతో నేను అన్న మాట, ఏదీ దాచలేదు. పొగాకు కాదు, నా షెడ్డు దుమ్ము అని చెప్పాను. ఆమె చాటలో వేళ్లు అట్లాగే ఉన్నాయి.

"గా మనిషిని నా బీడీలే తిన్నయనుకున్న" అంది. "బీడీల చాట డాక్టరు మాట ఇన్ననాడే అవుతల పారేసిన. అయినా చేతులకు వాసన పోలే. బూడిదతోని తోమిన, చింతపండుతోని తోమిన. మంచం వాకిట్లకు మార్చిన. నీళ్ల చెంబు గూడ దూరంకెల్లి పెట్టి జరిగేదాన్ని, నా చేతుల గాలి తాకుతదని."

ఆమె చాటలోంచి ఒక రాయి ఏరి అవతల వేసింది.

"ఆఖరి దినం నా చెయ్యి కోసం చెయ్యి చాపిండు పటేలా. నేను కొంగుల దాసుకున్న."

చాట పక్కన పెట్టి లేచింది. గడప దగ్గర ఆగి వెనక్కి చూడకుండానే అడిగింది. "నాకైతే చెప్పినవ్. గా మనిషికి ఎవలు చెప్పాలె?"

తిడుతుందనే వెళ్లాను. తిట్టి ఉంటే ఆ తిట్టు నాకు తగిన శిక్ష అనుకుని మోసేవాణ్ని. ఆమె తిట్టలేదు. గాల్లోకి చాచిన ఒక చెయ్యి, కొంగులో దాచుకున్న మరో చెయ్యి, ఆ రెంటి మధ్య నా మాట. ఈ వయసులో నాతో ఉన్నది అదే.