బండికి ముందు బరువు

ఎద్దులబండి తప్ప వేరే దిక్కులేని ఆ కాలంలో, మా జమ్మలమడుగు వైపు పిల్లల విలువ తెలివిని బట్టి కాక తూకాన్ని బట్టి ఉండేది. బండి మిట్ట ఎక్కేటప్పుడు బరువు ముందుకు జరగాలి, దిగేటప్పుడు వెనక్కి జరగాలి. లేకపోతే మిట్ట మీద కాడి పైకి లేచి, మెడతాళ్లు ఎద్దుల గొంతుకు బిగుసుకుంటాయి. మనవల్లోకెల్లా లావైనదాన్ని నేను కాబట్టి ఆ జరిగే పని ఎప్పుడూ నాదే. (మా పెద్దనాన్న కొడుకు నాకు ‘బొండు’ అని పేరు పెట్టాడు. ఇంటిల్లిపాదీ దాన్నే ఖాయం చేశారు. వాళ్లలో ఒక్కరినీ నేను మరిచిపోలేదు.)

ఒకరోజు తాత మమ్మల్నందరినీ గండికోట లోయ చూపిస్తానని బండెక్కించాడు. లోయ అంచున నిలబడి పేరు పెట్టి అరిస్తే, పెన్న అవతలి కొండ ఆ పేరును తిరిగి పిలుస్తుందట. ఆ మాట విన్న ముందురోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా అసలు పేరు రాజరాజేశ్వరి. మనుషులెవరూ పిలవడం లేదు, కనీసం ఆ కొండ నోటైనా వినాలని నా ఆశ.

కోట దగ్గర మిట్ట మీదే బండి ఆగింది. పిల్లలంతా ముందువైపు నుంచే దూకారు. వెనకాల గడ్డికి ఆనుకుని కూర్చున్న అవ్వ మాత్రం కదలలేదు. “మోకాళ్లు పట్టుకుండాయి. గుంత చూసేదానికి నేనెందుకు?” అంది. నేను కాలు కింద పెట్టబోయానో లేదో, కాడి లేచింది. ఎద్దులు బుసకొట్టాయి.

“దిగొద్దు పాపా, ఆడే కూచో. నువ్వు దిగితే ఎద్దులకు ఉరి పడ్తాది,” అన్నాడు తాత.

“అవ్వను ముందుకు జరగమను,” అన్నాను.

తాత అవ్వ వైపు ఒకసారి చూశాడు. “నువ్వే చెప్పు,” అని పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయాడు. అవ్వను జరగమనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు, నాతో సహా.

అలా ముందు నేను, వెనక అవ్వ, త్రాసులో రెండు తట్టల్లా కూర్చున్నాం. అవ్వ మూట విప్పి ఓళిగ చేతిలో పెట్టింది. “తిను. బరువు తగ్గితే కష్టం,” అంది. అంతలో లోయ వైపు నుంచి కేకలు మొదలయ్యాయి. ఒక్కొక్కరి పేరూ చక్కగా తిరిగి వస్తోంది. చివరికి పెద్దనాన్న కొడుకు గొంతు “బొండూ” అంది. కొండ కూడా నిదానంగా, స్పష్టంగా, “బొండూ” అంది.

“ఇనపడిందా? కొండ గూడా నిన్నే పిలుస్తాండాది,” అంది అవ్వ సంబరంగా.

తిరుగుదారి అంతా దిగుడు. వెనక్కి జరగమన్నారు, జరిగాను. ఊరు చేరేదాకా వాడితో మాట్లాడలేదు. (వాడు గమనించలేదు. అది ఇంకో నేరం.)

ఈమధ్య నా మనవలు నన్ను గండికోటకు బస్సులో తీసుకుపోయారు. “నీకు మోకాళ్ల నొప్పి కదా, బస్సులోనే ఉండవ్వా,” అన్నాడు పెద్దవాడు. అందరికంటే ముందు దిగింది నేనే. ఇప్పుడు నన్ను అందరూ రాజరాజేశ్వరమ్మగారూ అంటారు. బొండు అనేవాళ్లలో చివరివాడు, ఆ పెద్దనాన్న కొడుకు, పోయి చాలాకాలమైంది. అంచున నిలబడి, రావలసిన బాకీ రాబట్టుకుందామని గట్టిగా నోరు తెరిచాను. తీరా నోట వచ్చింది వేరే పేరు. కొండ దాన్నే తిరిగి పిలిచింది.

“బొండు ఎవరవ్వా?” అంది చిన్న మనవరాలు.

“ఎద్దులను కాపాడిన ఒక పిల్ల,” అని, ఇంకొకసారి అరిచాను.