దేవన్న వేసిన నూనె పూత

జెద్దాలో గోడలకు ఎండ ఒక శత్రువైతే, సముద్రపు గాలి రెండో శత్రువు. ఎంత ఖరీదైన రంగు వేసినా మూడేళ్లు తిరక్కముందే ఉప్పుతేమకు అప్పడంలా ఉబ్బి రాలిపోతుంది. లోకంలో ఏ రేవుపట్నమైనా అంతే, అక్కడ మనుషులూ నిలవరు, సున్నమూ నిలవదు. ఆ ఉబ్బిన రంగు గీకి, లప్పం పెట్టి, మళ్లీ కొత్త రంగు వేయడంలోనే దేవన్నకు ఇరవై రెండేళ్లు గడిచాయి.

ఊరు నిర్మల్. బొమ్మలు చేసే నకాషీల ఇల్లు. తండ్రి చింతగింజల జిగురు కాచి, పొణికి కర్ర బొమ్మలకు పట్టించి, రంగు దిద్ది, చివర నూనె పూత వేసి ఎండకు పెట్టేవాడు. "నూనె పడని బొమ్మ తానం చెయ్యని పెండ్లికొడుకు లెక్క, పీటల మీద కూసోవెట్టద్దు" అనేవాడు. దేవన్నకు సన్నకుంచె పట్టడం బాగా వచ్చేసరికి బొమ్మలు కొనేవాళ్లు తగ్గారు. వీసా దొరికింది. సన్నకుంచె పోయి చేతికి రోలర్ వచ్చింది.

ఐదేళ్ల క్రితం ఒక శుక్రవారం మస్తాన్ వలీ వచ్చి పిలిచాడు. కడప దగ్గరివాడు, ఆడపిల్లలకు బొమ్మలు వేయడం నేర్పే ఒక సంస్థలో డ్రైవరు.

"మాకాడ పాఠాలు చెప్పే జపానమ్మ ఇంట్లో గోడ పెచ్చులు పెచ్చులుగా రాల్తాండాది ప్పా. ఒకతూరి వచ్చి చూడు."

వెళ్లి తలుపు దగ్గరే ఆగిపోయాడు దేవన్న. లోపలి నుంచి జిగురు కాగుతున్న వాసన. అది తోలు జిగురు, నిర్మల్‌లో తమ ఇంట్లోది చింతగింజలది. అయినా కాగే జిగురంతా చుట్టాలే. గోడ సంగతి మరిచి నేరుగా పొయ్యి దగ్గరికి పోయి మంట తగ్గించాడు. "ఉడకొద్దు మేడమ్, ఉడికితే సస్తది," అన్నాడు తెలుగులోనే. పొట్టిగా, తెల్లటి జుట్టుతో, మోచేతుల దాకా రంగు మరకల అబాయా అంగీతో ఉన్న డెబ్బై ఏళ్ల మనిషి అతన్ని ఎగాదిగా చూసి నవ్వింది. ఆమె పేరు హిసాయే.

భర్త సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే కర్మాగారంలో ఇంజనీరు. ముప్పై ఏళ్ల కిందట అతని వెంట వచ్చింది. ఆయన పోయాడు, ఈమె ఉండిపోయింది. ఎందుకు ఉండిపోయావని అడిగితే, ఇక్కడి చేపల బజారును కిటికీలోంచి చూపిస్తుంది. చేప కొనుక్కొచ్చి ముందు బొమ్మ వేస్తుంది, తర్వాతే వండుతుంది. అందువల్ల ఆమె ఇంట్లో మధ్యాహ్న భోజనం తరచూ సాయంత్రం అవుతుంది. రంగులన్నీ రాళ్లు నూరినవి, తెలుపేమో ఆల్చిప్పల పొడి. ఆ పొడిని జిగురుతో ముద్దచేసి పింగాణీ పళ్లెంలో వందసార్లు కొడుతుంది, లెక్క తప్పితే మళ్లీ ఒకటి నుంచి. జొన్నరొట్టె చేసేటప్పుడు తన భార్య ముత్యవ్వ చేయి కూడా అదే తాళంలో పడుతుందని దేవన్నకు అనిపించేది. చలువరాళ్లూ రంగురాళ్లూ ఒంటెల మీదా ఓడల మీదా దేశాలు దాటిన కాలంలో వాటితోపాటు ఇలాంటి చేతివాటాలు కూడా ప్రయాణం చేసే ఉంటాయి. వాటిని ఏ సుంకంవాడూ పట్టుకోలేడు.

గోడ పని రెండు రోజుల్లో అయిపోయింది. శుక్రవారాలు మాత్రం ఆగలేదు. జిగురు కాచేది, కాగితం బిగించేది దేవన్నే. మాటలు మూడొంతులు ఉర్దూ, ఒక వంతు అరబ్బీ, చాలకపోతే చేతులు. ఒకరోజు ఆమె ఇంటి తాళంచెవి అతని చేతిలో పెట్టింది. పరాయి దేశంలో తాళంచెవి ఇచ్చిన మొదటి మనిషి. దాన్ని మొలతాడుకు కట్టుకున్నాడు.

మొన్న చలికాలంలో హిసాయే తబూక్ పట్నంలో పిల్లలకు పాఠం చెప్పడానికి నాలుగు రోజులు వెళ్లింది. గదిలో తేమ చేరకుండా ఏసీ చూసుకోమని చెప్పింది. గదిలో పూర్తయిన పెద్ద బొమ్మ ఉంది, ఇన్నాళ్లూ శుక్రవారాల్లో అతను చూసినవన్నీ సగంలో ఉన్నవే. ఎర్రసముద్రం అడుగున పగడాలు, చుట్టూ నీలం. భర్త చివరిసారి ఊరికి వెళ్లి తెచ్చిన నీలపురాయి పొడి సీసా దాదాపు ఖాళీ అయ్యేదాకా వేసిన నీలం. బొమ్మ అంతా పిండి చల్లినట్టు పొడిగా ఉంది, మెరుపు లేదు. పాపం, ముసలమ్మకు ఓపిక చాలలేదనుకున్నాడు దేవన్న. సైటు నుంచి మంచి వార్నిష్ తెచ్చి, ఊపిరి బిగబట్టి, ఒక్క గీత పడకుండా పూత వేశాడు.

మొదట మెరిసింది. గంట గడిచేసరికి నీలం నల్లబడింది. పగడాల మీది తెలుపు నూనె కాగితంలా పారదర్శకమై, రంగు అడుగున ముందుగా గీసిన గీతలన్నీ పైకి తేలాయి.

ఫోన్ చేస్తే వచ్చిన మస్తాన్ వలీ చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏసీ నీళ్లు కారినాయని చెప్పేయ్ ప్పా. మిషన్ ఏమన్నా నోరు తెరిచి సాక్ష్యం చెప్తాదా?"

"చెప్పదు. కానీ నా చేతులు చెప్తయి భాయ్, ఆమె కండ్లు గసొంటియి."

హిసాయే వచ్చిన రోజున గుమ్మం దగ్గరే మొలతాడు విప్పి తాళంచెవి తీశాడు. "మేడమ్, నేనే జేసిన," అని బొమ్మ చూపించాడు. ఆమె బొమ్మ దగ్గరికి వెళ్లింది. వేలితో తాకి, వేలు వాసన చూసుకుంది. తాళంచెవి తీసుకుని బల్ల మీద పెట్టింది.

"క్యోం, దేవన్న-సాన్?" అంది, పేరుకు తమ భాషలో గారు తగిలించి.

ఎందుకని అడిగితే తండ్రి మాట ఏ భాషలో చెప్పగలడు? పెండ్లికొడుకు, తానం, పీటలు... చేతులు కూడా చాలలేదు. ఆమె మూల నుంచి ఒక చెక్కపలక లాగి ముందు పెట్టింది. చేసి చూపించమని.

తర్వాతి శుక్రవారం ఇండియా దుకాణం నుంచి చింతపండు తెచ్చి, గింజలు ఏరి, వేయించి, నానబెట్టి, నూరాడు. ఆ మరుసటి శుక్రవారం పలక మీద నల్లరంగు పరిచాడు. ఇరవై రెండేళ్ల తర్వాత సన్నకుంచె పట్టాడు. పాలపిట్టను గీశాడు, అంచుకు బంగారు రంగు దిద్దాడు. రెక్కకు నీలం కావాలి. తన దగ్గర ఉన్నది గోడల నీలం. అతను వెతుక్కుంటుండగా హిసాయే లేచి, సీసా అడుగున మిగిలిన భర్త నీలాన్ని పళ్లెంలోకి దులిపి, జిగురు కలిపి, అతని ముందుకు జరిపింది.

"వద్దు మేడమ్..."

"యల్లా," అంది, కానివ్వమని కసిరినట్టు.

రెక్క ఆరాక వార్నిష్ డబ్బా తీశాడు. చెయ్యి ఆగింది. ఆమె వైపు చూశాడు. ఆమె తల ఊపింది. పూత పడ్డాక నీలం ఇక్కడా చిక్కబడింది. నల్లటి పలక మీద, బంగారు అంచుల మధ్య, అది వానకు తడిసిన పిట్ట రెక్కలా కనిపించింది. హిసాయే ముక్కు తగిలేంత వంగి చూసి, "ఆఁ" అంది. క్షమించానని గానీ, పర్వాలేదని గానీ అనలేదు. ఆ పగడాల బొమ్మ పాడైపోయింది, ఇద్దరికీ తెలుసు.

తర్వాత అతని సంచిలోంచి గోడల అంచులకు అంటించే మాస్కింగ్ టేపు తీసుకుంది. డెబ్బై ఐదేళ్ల మనిషి నేల మీద మోకాళ్లు వేసి, గదిని రెండు చేస్తూ గోడ నుంచి గోడ దాకా టేపు అంటించింది. వార్నిష్ డబ్బాను అటు పెట్టింది, తన పళ్లేలను ఇటు.

"యే మేరా. వో తేరా." వేలు చూపించి బెదిరించింది. తర్వాత బల్ల మీది తాళంచెవి తీసి, టేపుకు అవతల, అతని వైపు నేల మీద పెట్టింది.

ఇప్పుడు ప్రతి శుక్రవారం ఇద్దరూ చెరోవైపు కూర్చుంటారు. దేవన్న గీత దాటడు. ఆమె దాటుతుంది, రోజుకు పదిసార్లు. ఆమె దాటేచోట టేపు అప్పుడే అరిగిపోయింది.